లక్ష కిలోమీటర్లు దాటిన ఆటోమేటిక్ బండికి గేర్ ఆయిల్ మార్చాలా, వదిలేయాలా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇదీ. 2017 ఇన్నోవా క్రిస్టా, డీజిల్ ఆటోమేటిక్. 1,15,000 కి.మీ. తిరిగింది. గేర్‌బాక్స్ ఆయిల్ ఇంతవరకు ఒక్కసారి కూడా మార్చలేదు. సర్వీసులో అడిగితే "అది లైఫ్‌టైమ్ ఆయిల్ సార్, ముట్టుకోనక్కర్లేదు" అన్నారు. బయట ఒక గ్యారేజీ వాళ్లు మిషన్ పెట్టి ఫ్లష్ చేస్తామన్నారు. మీ బావగారేమో ఇన్నేళ్ల తర్వాత మారిస్తే గేర్లు పట్టడం మానేస్తాయని చెప్పారు. బండి ఇప్పటికి బాగానే నడుస్తోంది, 70 స్పీడులో అప్పుడప్పుడు చిన్న వణుకు మాత్రం ఉందని రాశారు.

మార్చండి, ఆలస్యం చేయకండి. ప్రెషర్‌తో కొట్టే ఫ్లషింగ్ మాత్రం వద్దు. కింద ప్లగ్ విప్పి ఆయిల్ దించి, చాంబర్ (గేర్‌బాక్స్ అడుగున ఆయిల్ నిలిచే పళ్లెం) తీసి, జాలీ (ఫిల్టర్) మార్చి, కొత్తది పోయించండి. కొన్నాళ్లు నడిపి ఇంకోసారి, మళ్లీ కొన్నాళ్లకు మూడోసారి దించి పోయించండి. ఆయిల్ టయోటా డబ్ల్యూఎస్ మాత్రమే.

నేను విజయవాడ ఆటోనగర్‌లో పని చేస్తాను. మొదట అన్ని రిపేర్లూ చేసేవాణ్ణి, కొన్నేళ్లుగా ఆటోమేటిక్ గేర్‌బాక్సులే ఎక్కువ. మీరు విన్న మూడు మాటలూ మా దగ్గరికి వచ్చే ప్రతి రెండో బండి ఓనర్ చెప్పేవే. అందుకే కొంచెం వివరంగా రాస్తున్నాను.

ముందు "లైఫ్‌టైమ్" సంగతి. మాన్యువల్ గేర్‌బాక్స్‌లో ఆయిల్ పళ్లు అరగకుండా చూస్తుంది, అంతే. ఆటోమేటిక్‌లో ఏటీఎఫ్, అంటే ఆటోమేటిక్ గేర్‌బాక్స్ ఆయిల్, చేసే పనులు నాలుగైదు ఉన్నాయి. ఇంజిన్ బలాన్ని టార్క్ కన్వర్టర్‌లో చక్రాల వైపు అందించేది అదే. వాల్వ్ బాడీలో, అంటే ఆయిల్‌ను ఏ గేరుకు పంపాలో మళ్లించే సన్నని దారుల దిమ్మెలో, ప్రెషర్‌గా మారి క్లచ్ ప్లేట్లను నొక్కేది అదే. ప్లేట్లు కలిసేటప్పుడు ఎంత జారాలి, ఎక్కడ పట్టాలి అన్నది అందులో కలిపిన రసాయనాల మీద ఆధారపడుతుంది. వేడిని కూలర్ దాకా మోసుకెళ్లేదీ, బేరింగులను తడిపేదీ కూడా అదే. ఇన్ని పనులు చేసే నూనె వేడికి ఆక్సీకరణ చెందుతుంది, పలచబడుతుంది, క్లచ్ ప్లేట్ల నుంచి రాలిన పొడితో నల్లబడుతుంది. మామూలుగా నడిచేటప్పుడే 80, 90 డిగ్రీల వేడిలో ఉంటుంది. నూనె వేడి ప్రతి పది డిగ్రీలు పెరిగినప్పుడల్లా దాని ఆయుష్షు దాదాపు సగానికి పడిపోతుందని మా రంగంలో పాత లెక్క. మే నెలలో బెంజ్ సర్కిల్ దగ్గర ఏసీ వేసుకుని ఆగుతూ కదులుతూ వెళ్లే బండి, ఏడుగురిని ఎక్కించుకుని తిరుమల ఘాట్ ఎక్కే బండి, శ్రీశైలం మలుపుల్లో తిరిగే బండి, వీటిలో ఆయిల్ ఎంత వేడెక్కుతుందో ఊహించుకోండి.

జెడ్‌ఎఫ్ అని జర్మనీలో గేర్‌బాక్సులు తయారుచేసే పెద్ద కంపెనీ ఉంది. బీఎండబ్ల్యూ లాంటి చాలా కార్లలో వాళ్ల 8 గేర్ల ఆటోమేటిక్ వస్తుంది. ఆ కార్లలో కొన్నిటికి కార్ల కంపెనీలు ఆయిల్ మార్చక్కర్లేదని చెప్తాయి. గేర్‌బాక్స్ తయారుచేసిన జెడ్‌ఎఫ్ మాత్రం 80,000 నుంచి 1,20,000 కి.మీ. మధ్య, లేదా ఎనిమిదేళ్లకు మించకుండా మార్చమంటుంది. పెట్టెను తయారుచేసినవాడి మాటకే నేను విలువిస్తాను. మీ ఇన్నోవాలో ఉన్నది జెడ్‌ఎఫ్ కాదు, కానీ లోపల జరిగే పని ఒకటే. ఓనర్ మాన్యువల్‌లో మెయింటెనెన్స్ పట్టిక తెరిచి, కఠిన పరిస్థితుల్లో నడిపేవారికి అని విడిగా రాసిన భాగం చూడండి. దుమ్ము, ఎండ, నిండా బరువు, ఎక్కువసేపు ఆగి ఆగి నడపడం, ఇవన్నీ ఆ లెక్కలోకే వస్తాయి. మన ఊళ్లలో తిరిగే బండ్లలో చాలా భాగం ఆ కఠిన పరిస్థితుల్లోనే తిరుగుతున్నాయి.

ఇక మీ బావగారి భయం. ఆయన మాట పూర్తిగా కొట్టిపారేయలేను, ఎందుకంటే అలా జరిగిన బండ్లు నేనూ చూశాను. అయితే జరిగే తీరు వేరు. బండి బాగున్నన్నాళ్లూ ఎవరూ ఆయిల్ జోలికి పోరు. గేరు జారడం మొదలయ్యాక, యాక్సిలరేటర్ తొక్కితే ఇంజిన్ అరుస్తూ బండి కదలనప్పుడు, "ఒకసారి ఆయిల్ మార్చి చూద్దాం" అంటారు. అప్పటికే క్లచ్ ప్లేట్ల మీద ఉండాల్సిన పూత కాలిపోయి ఉంటుంది. ఆ పొడి ఆయిల్‌లో తేలుతూ కాస్త రాపిడి ఇస్తుంది కాబట్టి బండి ఎలాగో నడుస్తూ ఉంటుంది. కొత్త, శుభ్రమైన ఆయిల్ పోసేసరికి ఆ కాస్త పట్టు కూడా పోతుంది. వారానికి బండి ఆగిపోతుంది, నింద ఆయిల్ మీద పడుతుంది. దానికి తోడు ప్రెషర్ ఫ్లషింగ్ చేస్తే మూలల్లో పేరుకున్న మడ్డి కదిలి వాల్వ్ బాడీలోని సన్నని దారుల్లోకి వెళ్లి ఇరుక్కుంటుంది.

పోయినేడాది ఒక బండి వచ్చింది. రెండో గేరు నుంచి మూడో గేరుకు మారేటప్పుడు ఇంజిన్ ఒక్కసారిగా పైకి లేస్తోంది. వేరే చోట ఫ్లష్ చేయించుకుని, తగ్గకపోగా పెరిగిందని మా దగ్గరికి తెచ్చారు. చాంబర్ విప్పితే అడుగున నల్లటి మెత్తని పూత, మాగ్నెట్ మీద ఇనుప ముక్కలు. ఓవర్‌హాల్ తప్పలేదు. ఆ బండికి ఆయిల్ మార్చినా, మార్చకపోయినా అదే గతి. ఓనర్‌కు ఆ మాట ముందే చెప్పి ఉంటే ఫ్లషింగ్ డబ్బులైనా మిగిలేవి.

కాబట్టి మీరు చూసుకోవాల్సింది కిలోమీటర్లు కాదు, బండి ఇప్పుడు గేర్లు సరిగ్గా మారుస్తోందా లేదా అన్నది. ఇంట్లోనే కొంతవరకు తెలుసుకోవచ్చు. పొద్దున్నే చల్లని ఇంజిన్ స్టార్ట్ చేసి, ఆర్‌పీఎం కిందికి దిగాక, బ్రేక్ తొక్కి పట్టుకుని పి నుంచి డి లోకి, తర్వాత ఆర్ లోకి వేయండి. ఒక సెకను అటూ ఇటూగా గేరు పట్టాలి. రెండు మూడు సెకన్లు ఆలోచించి "డబ్" మని పడితే అనుమానించాలి. తర్వాత రోడ్డు మీద మెల్లగా, ఒకే తొక్కుడుతో వేగం పెంచుతూ ఆర్‌పీఎం ముల్లు చూడండి. గేరు మారినప్పుడు ముల్లు కిందికి దిగాలి. దిగే ముందు పైకి ఎగిరితే జారుతున్నట్టు.

మీరు రాసిన 70 దగ్గరి వణుకు వేరే రకం. యాక్సిలరేటర్ మీద కాలు తేలిగ్గా ఆనించి వెళ్తుంటే, రోడ్డు మీద రంబుల్ స్ట్రిప్స్ ఎక్కినట్టు ఒకటి రెండు సెకన్లు గరగరమంటుందా? కాస్త గట్టిగా తొక్కగానే పోతుందా? అయితే అది చాలావరకు టార్క్ కన్వర్టర్ లోపలి లాకప్ క్లచ్ (ఇంజిన్‌ను గేర్‌బాక్స్‌తో నేరుగా కలిపేది) వణుకు. ఆయిల్‌లో రాపిడిని సరిచేసే రసాయనాలు అయిపోయాయని చెప్పే మొదటి గుర్తు అదే. నా అనుభవంలో ఇలా మొదలైన బండ్లలో ఎక్కువ భాగం రెండు సార్లు ఆయిల్ మార్చేసరికి సర్దుకున్నాయి. నిర్లక్ష్యం చేసినవాళ్లు తర్వాత టార్క్ కన్వర్టర్ మార్చుకున్నారు. వణుకు ఎప్పుడూ ఉంటే, గట్టిగా తొక్కినప్పుడు పెరుగుతుంటే అది ఇంజిన్ మౌంటింగో, ప్రొపెల్లర్ షాఫ్ట్ జాయింటో కావచ్చు. ఆయిల్ దించక ముందే ఆ రెండూ చూపించండి.

మరి ఒకేసారి మొత్తం ఆయిల్ ఎందుకు రాదు అంటే, కింద ప్లగ్ విప్పితే చాంబర్‌లో ఉన్నదే దిగుతుంది. టార్క్ కన్వర్టర్‌లో, కూలర్ పైపుల్లో ఉన్నది అక్కడే ఉండిపోతుంది. మొత్తంలో మూడో వంతు నుంచి సగం లోపే బయటికి వస్తుంది. 40 శాతం వచ్చిందనుకోండి. మొదటిసారికి లోపల 40 శాతం కొత్త ఆయిల్, రెండోసారికి 64, మూడోసారికి 78 శాతం దాకా చేరుతుంది. నాలుగోది చేసినా పెద్దగా పెరగదు, డబ్బు దండగ. ఒక్కోసారికి మధ్య 1,000 కి.మీ. నడపండి. ఆ గడువులో కొత్త ఆయిల్ పాత మడ్డిని మెల్లగా కరిగించి తెస్తుంది, ఒక్కసారిగా కదిలించదు. ఇంతవరకు ముట్టుకోని గేర్‌బాక్స్‌కు నాకు తెలిసి ఇంతకంటే భద్రమైన పద్ధతి లేదు.

మిషన్‌తో మార్చడం అంతా చెడ్డదని కాదు. కూలర్ పైపు విప్పి, గేర్‌బాక్స్ సొంత పంపు బయటికి నెట్టినంత పాత ఆయిల్‌కు అంతే కొత్తది లోపలికి పంపే మిషన్లు ఉన్నాయి. క్రమం తప్పకుండా మార్పించుకునే బండ్లకు నేనూ వాడతాను. మిషన్ సొంత ప్రెషర్‌తో తోసేది, అందులో క్లీనింగ్ కెమికల్ కలిపేది మాత్రం మీ బండి దగ్గరికి రానివ్వకండి. "మీ మిషన్ ప్రెషర్ ఇస్తుందా, గేర్‌బాక్స్ పంపుతోనే నడుస్తుందా" అని అడగండి. సూటిగా జవాబు చెప్పలేకపోతే వచ్చేయండి.

ఆయిల్ రకం విషయంలో రాజీ వద్దు. డబ్ల్యూఎస్ చాలా పలచని ఆయిల్. 100 డిగ్రీల దగ్గర దాని చిక్కదనం ఐదు సెంటీస్టోక్స్ పైచిలుకు. పాత డెక్స్‌రాన్-3 తరం ఆయిల్స్ ఏడు దాకా ఉంటాయి. రెండూ ఎర్రగానే ఉంటాయి, చూస్తే తేడా తెలియదు. టయోటా వాళ్లు తమ పాత టీ-4 ఆయిల్‌నే డబ్ల్యూఎస్ బదులు వాడొద్దంటారు, ఇక "అన్ని బండ్లకూ సరిపోతుంది" అని రాసిన డబ్బా సంగతి చెప్పేదేముంది. పవర్ స్టీరింగ్ కోసం తెచ్చిన ఎర్ర ఆయిల్ మిగిలితే గేర్‌బాక్స్‌లో పోసిన బండిని కూడా చూశాను. అది రెండు నెలల్లోనే గేరు మారినప్పుడల్లా కొట్టుకోవడం మొదలుపెట్టింది. కంపెనీ పార్ట్స్ కౌంటర్‌లో సీలు డబ్బా కొనండి, మీ ముందే సీలు తీయించండి, బిల్లు తీసుకోండి. నకిలీ ఆయిల్ మార్కెట్‌లో బాగా తిరుగుతోంది.

ఇప్పుడు పని జరిగేటప్పుడు మీరు పక్కన నిలబడి చూడాల్సినవి. మొదట పైన పోసే ప్లగ్ వదులు చేయించండి, ఆ తర్వాతే కింది ప్లగ్. ఏడెనిమిదేళ్లుగా కదలని ప్లగ్ అది. కింది నుంచి ఆయిల్ అంతా దించేశాక పై ప్లగ్ బిగుసుకుపోయి ఉందని తెలిస్తే, బండి లిఫ్ట్ మీద నుంచి కదలదు. దిగిన ఆయిల్‌ను కొలత గిన్నెలో పట్టించండి. ఎంత దిగిందో అంతే ముందు పోయాలి, లెవెల్ తర్వాత సరిచూసుకోవచ్చు. చాంబర్ బోల్టులు చిన్నవి, వాటి మీద చేతి బలం చూపిస్తే చాంబర్ అంచు వంగి కారడం మొదలవుతుంది. టార్క్ రెంచ్ ఉన్న చోటే చేయించండి. ప్యాకింగ్, ప్లగ్ వాషర్లు కొత్తవి వేయాలి.

చాంబర్ విప్పగానే మాగ్నెట్లు చూడండి. మెత్తని బూడిదరంగు ముద్ద ఉంటే కంగారు పడొద్దు, లక్ష తిరిగిన ఏ బండిలోనైనా ఉంటుంది. వేలితో నలిపితే గుచ్చుకునే ముక్కలు, మెరిసే రేకులు ఉంటే ఆయిల్ మార్చడం దగ్గర ఆగకుండా గేర్‌బాక్స్ మనిషికి చూపించాలి. ఆయిల్ రంగు మాత్రం అంతగా పట్టించుకోకండి, డబ్ల్యూఎస్ తొందరగానే నల్లబడుతుంది. వాసన చూడండి. కాలిన వాసన గాఢంగా ఉంటే అది చెడ్డ గుర్తు.

అన్నిటికంటే ఎక్కువ తప్పులు జరిగేది లెవెల్ దగ్గర. ఈ గేర్‌బాక్స్‌కు డిప్ స్టిక్ లేదు. ఇంజిన్ ఆన్‌లో ఉండగా, బండి నాలుగు చక్రాలూ సమంగా ఉన్నప్పుడు, అన్ని గేర్లూ ఒకసారి తిప్పాక, ఆయిల్ ఒక నిర్ణీత వేడిలో ఉన్నప్పుడు కింద చెకింగ్ ప్లగ్ విప్పి చూడాలి. సన్నగా కారి ఆగిపోయే స్థితికి వస్తే లెవెల్ సరి. ఆ వేడి దాదాపు 40 డిగ్రీలు. కచ్చితమైన హద్దులు మీ మోడల్ రిపేర్ మాన్యువల్‌లో ఉంటాయి, స్కానర్ (బండి కంప్యూటర్ లెక్కలు చూపించే పరికరం) పెట్టి చూస్తూ చేయాలి. ఆయిల్ వేడెక్కితే వ్యాకోచిస్తుంది కాబట్టి ఎక్కువ వేడిలో చూస్తే కారిపోతూనే ఉంటుంది, చివరికి తక్కువతో మూసేస్తారు. లెవెల్ తగ్గితే పంపు గాలి పీల్చి గేర్లు జారతాయి. ఎక్కువైతే లోపల తిరిగే భాగాలు చిలికి నురగ వస్తుంది, దాని ఫలితమూ అదే.

మన దగ్గర ఇందులో ఒక చిక్కు ఉంది. ఎండాకాలం మధ్యాహ్నం బయట వేడే 43, 44. బండి నడుపుకుంటూ వచ్చి లిఫ్ట్ ఎక్కిస్తే ఆయిల్ 70, 80 డిగ్రీల మీద ఉంటుంది, సాయంత్రం దాకా 40కి దిగదు. అందుకే నేను ఏటీఎఫ్ మార్చాల్సిన బండ్లను రాత్రే వదిలి వెళ్లమంటాను, పొద్దున్నే షెడ్డు తెరవగానే చేస్తాను. మీరూ అలాగే అడగండి. "గంటలో చేసి ఇచ్చేస్తాం" అనేవాళ్లు లెవెల్ ఎలా చూస్తారో నాకు అర్థం కాదు.

ఇదంతా చదువుతున్న మిగతావాళ్లకు ఒక మాట. మీది ఏ రకం ఆటోమేటిక్ అన్నది ముందు తెలుసుకోండి. క్లచ్ పెడల్ లేని ప్రతి బండినీ మనం ఆటోమేటిక్ అనేస్తాం. 2014లో సెలేరియోతో మారుతి తెచ్చిన ఏజీఎస్ లాంటి ఏఎంటీలు నిజానికి మాన్యువల్ గేర్‌బాక్సులే, క్లచ్ తొక్కే పని మాత్రం మిషన్ చేస్తుంది. వాటిలో గేర్ ఆయిల్ వేరు, ఆ మిషన్‌లో ఉండే హైడ్రాలిక్ ఆయిల్ వేరు. పైన చెప్పిన ఏటీఎఫ్ వాటిలో పోయకూడదు. హోండా సిటీ లాంటి సీవీటీలకు, అంటే గేర్ల బదులు బెల్టు, పుల్లీలతో నడిచేవాటికి, బెల్టు జారకుండా పట్టే ప్రత్యేకమైన ఫ్లూయిడ్ కావాలి, హోండాకైతే హెచ్‌సీఎఫ్-2. సీవీటీలో మామూలు ఏటీఎఫ్ పోస్తే బెల్టు, పుల్లీలు రెండూ గీతలు పడి పోతాయి. వాటికి నేను సుమారు 40,000 కి.మీ.కే మార్చమంటాను. డ్యూయల్ క్లచ్ బండ్లలో తడి క్లచ్, పొడి క్లచ్ అని రెండు రకాలు, వాటి ఆయిల్ లెక్కలు పూర్తిగా వేరు.

వరద నీళ్లలో మునిగిన ఆటోమేటిక్ అయితే కిలోమీటర్లతో పనే లేదు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు సింగ్‌నగర్ వైపు నుంచి మా ఆటోనగర్‌కు బండ్లు వరసగా వచ్చాయి. గేర్‌బాక్స్‌కు గాలి పీల్చుకునే బ్రీదర్ ఉంటుంది, నీళ్లు దాని ద్వారా లోపలికి వెళ్తాయి. నీళ్లు కలిసిన ఏటీఎఫ్ గులాబీ రంగు పాలలా మారుతుంది. క్లచ్ ప్లేట్ల మీది పూతను అంటించిన జిగురు నీటికి ఊడిపోతుంది. స్టార్ట్ చేయకుండా ఫ్లాట్‌బెడ్ మీద తెచ్చి వెంటనే ఆయిల్ దింపించుకున్నవాళ్ల గేర్‌బాక్సులు చాలా వరకు బతికాయి. "స్టార్ట్ అవుతుందేమో చూద్దాం" అని నడుపుకుంటూ వచ్చినవాళ్లు నష్టపోయారు. రేడియేటర్ లోపల ఏటీఎఫ్ కూలర్ ఉన్న బండ్లలో అది లీకైనా ఇదే రంగు కనిపిస్తుంది. కూలెంట్ డబ్బాలో నూనె తెట్టు కట్టినా వెంటనే చూపించండి.

మీ బండికి తిరిగి వస్తే, ఇన్నోవాకు బలం వెనక చక్రాలకు వెళ్తుంది కాబట్టి ఎప్పుడైనా ఆగిపోతే వెనక చక్రాలు నేల మీద దొర్లేలా లాగించొద్దు. ఇంజిన్ ఆగితే గేర్‌బాక్స్ పంపు కూడా ఆగిపోతుంది, లోపల ఆయిల్ తిరగదు. ఘాట్ దిగేటప్పుడు న్యూట్రల్‌లో వేసే అలవాటు ఉంటే మానేయండి, ఎస్ మోడ్‌లో (గేరును మనమే ఎంచుకునే స్థానం) కింది గేరు పెట్టుకుని దిగండి. బ్రేకులు కూడా చల్లగా ఉంటాయి.

మూడు సార్లు మార్చడం పూర్తయ్యాక ఇకపై 60,000 కి.మీ.కు ఒకసారి దించి పోయిస్తే చాలు. తిరుపతి, శిరిడీ ట్రిప్పులు వేసే ట్రావెల్స్ ఇన్నోవాలకు నేను 50,000కే చేస్తాను. వాటిలో కొన్ని మూడు లక్షలు దాటి ఇంకా మొదటి గేర్‌బాక్స్ మీదే నడుస్తున్నాయి.

రెండోసారి మార్చి, ఇంకో 500 కి.మీ. నడిపాక కూడా ఆ 70 దగ్గరి వణుకు అలాగే ఉంటే, మూడోసారి ఆయిల్ మీద డబ్బు పెట్టకుండా ఆగండి. స్కానర్‌తో లాకప్ స్లిప్ రీడింగ్ (ఆ క్లచ్ ఎంత జారుతోందో చెప్పే లెక్క) తీయించి, గేర్‌బాక్స్ అడాప్టేషన్ (గేర్లు మార్చే తీరు గురించి కంప్యూటర్ నేర్చుకున్న పాత లెక్కలు) రీసెట్ చేయించి చూడండి. అప్పటికీ తగ్గకపోతే టార్క్ కన్వర్టర్ ఒక్కటే దించి రీబిల్డ్ చేయించుకోవచ్చు. దానికి గేర్‌బాక్స్ మొత్తం మార్చాలని ఎవరైనా అంటే రెండో చోట చూపించకుండా ఒప్పుకోకండి.